వాన వెలిసినా దిగని నీరు: కోస్తా ముంపు లెక్క

2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక బంగాళాఖాతంలోని వాయుగుండం శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. అక్కడికి విజయవాడ నేరుగా కొలిచినా 400 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా ఆ వాయుగుండం పేరెత్తితే కళింగపట్నం ఎవరికీ గుర్తుకు రాదు. రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయిన విజయవాడ కాలనీలు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, మున్నేరు ఒడ్డున మునిగిన ఖమ్మం కాలనీలే గుర్తుకు వస్తాయి. తుపానైనా వాయుగుండమైనా ‘తీరం ఎక్కడ దాటుతుంది’ అన్న ప్రశ్న చుట్టూనే వార్తలూ చర్చలూ తిరుగుతాయి కాబట్టి, తీరం దాటే చోటే దెబ్బ తగిలే చోటు అన్న భావన బలపడిపోయింది. గాలి దెబ్బకు అది చాలావరకు నిజమే. వాన దెబ్బకు అలా కుదరదు. నైరుతి రుతుపవనాల కాలంలో ఏర్పడే వాయుగుండాలకు భారీ వర్షం సాధారణంగా కేంద్రానికి నైరుతి భాగంలో, అంటే అవి నడిచే దారికి ఎడమ పక్కన పడుతుంది. కళింగపట్నానికి నైరుతిలో ఉన్న కృష్ణా, ఖమ్మం ప్రాంతాల మీద వాన కురవడంలో వింతేమీ లేదు.

వింతగా తోచే సంగతి మరొకటి ఉంది. విజయవాడ ఉత్తర భాగంలో వాన తెరిపి ఇచ్చాక కూడా నీరు తీయలేదు. కొన్ని కాలనీల్లో వారానికి పైగా నిలిచి ఉంది. పడిన వానతో మాత్రమే ముంపును లెక్కగట్టేవారికి ఈ వారం రోజుల లెక్క అందదు. కోస్తా జిల్లాల్లో ముంపు ఎంత ఎత్తున వస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్నది ఎంత వాన పడిందన్న దాని మీద కంటే, ఆ నీరు సముద్రానికి చేరే దారి ఆ సమయానికి ఏ స్థితిలో ఉందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. హెచ్చరికలేమో దాదాపు అన్నీ వాన గురించే ఉంటాయి.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే భారీ వర్షం, 204.4 వరకు అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలకు ఈ వర్గీకరణే ప్రధానమైన ఆధారం. ఈ కొలత ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసే 24 గంటలకు సంబంధించినది. పన్నెండు సెంటీమీటర్లు రోజంతా సన్నగా పడినా, మూడు గంటల్లో కుమ్మరించినా పత్రికలో అచ్చయ్యే అంకె ఒకటే. పొలానికి ఆ తేడా కొంత మేరకు పట్టదు. పట్టణానికీ, కొండవాగుకీ మాత్రం ఆ తేడాయే సర్వస్వం. ఇక గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. బంగాళాఖాతం వేడెక్కుతున్న కొద్దీ ఒక్క విడతలో కురిసే వాన పెరగడానికి భౌతిక శాస్త్రం చెప్పే కారణం ఇదే. వాయుగుండం నెమ్మదిగా కదిలితే, ఆ పెరిగిన తేమ అంతా ఒకే ప్రాంతం మీద దిగుతుంది.

పడిన నీటిని బయటికి పంపడం ఎంత పనో అంకెల్లో చూస్తేగాని తెలియదు. ఎకరం నేల మీద పది సెంటీమీటర్ల వాన అంటే సుమారు నాలుగు లక్షల లీటర్ల నీరు. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు) ప్రవాహం 24 గంటలు ఆగకుండా నడిస్తే ఆరు ఎకరాల మీది పది సెంటీమీటర్ల నీటిని తీసుకుపోగలదు. అంటే లక్ష ఎకరాల డెల్టా భూమి మీద పది సెంటీమీటర్లు పడితే, నేల ఏమీ పీల్చుకోలేదనుకుంటే, ఆ నీటిని ఒక్క రోజులో దించడానికి 16,500 క్యూసెక్కులు మోసే దారి కావాలి. సెప్టెంబరు నాటికి నాట్లు పూర్తయి, మడుల్లో నీరు నిలబెట్టి, నల్లరేగడి నేల నానిపోయి ఉంటుంది కనుక పీల్చుకునేది ఎలాగూ స్వల్పమే. కృష్ణా, గోదావరి డెల్టాల సాగుభూమి లక్షల ఎకరాల్లో ఉందని గుర్తుంచుకుంటే, పెద్ద వాన తరవాత ఒక్క రోజులో నీరు దిగిపోవాలని ఆశించడం ఈ నేలలో అసలు కుదరని పని అని అర్థమవుతుంది. రెండు రోజుల్లో దిగుతుందా, పది రోజులు పడుతుందా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయం.

పెద్ద నదుల వరద వేరే కోవలోకి వస్తుంది. గోదావరి వరద ఎక్కడో ఇంద్రావతి, ప్రాణహిత, శబరి పరీవాహకాల్లో పుట్టి దిగువకు నడుస్తుంది. కోనసీమలో ఎండ కాస్తున్నా లంక గ్రామాలు మునగవచ్చు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది, ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించింది. ఆ అంకె ఇప్పటికీ గోదావరి జిల్లాల జ్ఞాపకంలో కొలబద్దగా ఉండిపోయింది. 2022 జులైలో భద్రాచలం వద్ద మళ్లీ 71 అడుగులు దాటింది. ఆగస్టు దాకా ఆగకుండా జులై మధ్యలోనే అంత వరద రావడం చాలామంది ఊహించనిది. అయితే ఈ నదికి ఒక మేలు ఉంది, అది సమయం ఇస్తుంది. భద్రాచలం వద్ద 43, 48, 53 అడుగులు, ధవళేశ్వరం వద్ద 11.75, 13.75, 17.75 అడుగులు అన్న మూడు ప్రమాద హెచ్చరికల మట్టాలు లంకల్లో చదువుకోనివారికి కూడా కంఠస్థం. భద్రాచలంలో ఇంత ఉంటే రేపటికి తమ కాజ్‌వే మునుగుతుందా, పశువులను ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలి, పడవ ఎప్పుడు కట్టాలి అన్నది అక్కడి కుటుంబాలు తామే లెక్క వేసుకుంటాయి. వాన అంకె ఇంత పని చేయలేదు. నది మట్టం చేయగలదు, ఎందుకంటే అది జనం నిలబడి ఉన్న నేలతో పోల్చి చూసుకోగల అంకె.

కృష్ణ దగ్గర ఆ వెసులుబాటు తక్కువ. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల వరసగా ఉన్నాయి కనుక దిగువకు వరద అదుపులో వస్తుందన్న ధీమా చాలాకాలం నడిచింది. పులిచింతలకు దిగువన మున్నేరు వచ్చి కృష్ణలో కలుస్తుందన్న సంగతి ఆ ధీమాలో మరుగున పడింది. ఖమ్మం వైపు కుండపోత కురిస్తే ఆ నీటిని ప్రకాశం బ్యారేజీకి ముందు ఆపగల జలాశయం లేదు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. ఇది 1957లో బ్యారేజీ పూర్తయిన తరవాత నమోదైన అత్యధిక ప్రవాహం. దాని డిజైన్ సామర్థ్యం 11.9 లక్షల క్యూసెక్కులు, అంటే అంచుకు చాలా దగ్గరగా వచ్చిందన్న మాట. 11 లక్షల క్యూసెక్కులంటే గంటకు దాదాపు 4 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీ నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలే కాబట్టి అది ఖాళీగా ఉన్నా ముప్పావు గంటలో నిండిపోతుంది. 45.77 టీఎంసీల పులిచింతల సైతం అంతటి వరద ముందు పన్నెండు గంటలు నిలవదు. బ్యారేజీని వరద ఆపే కట్టడంగా చూడడం, ‘ముందే ఖాళీ చేసి ఉంటే సరిపోయేది’ అని వాదించడం ఈ అంకెల ముందు చెల్లవు. బ్యారేజీ నీటిని మళ్లించే కట్ట మాత్రమే, ఆ పనికే దాన్ని కట్టారు.

ఆ రోజుల్లో విజయవాడను ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, నగరం ఉత్తర అంచును ఒరుసుకుంటూ కొల్లేరు చేరే ఈ వాగుకు ‘విజయవాడ దుఃఖదాయని’ అన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. 2005లోనూ అది నగరాన్ని ముంచింది. బుడమేరు వరదను నగరంలోకి రానివ్వకుండా వెలగలేరు వద్ద రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. ఆలోచనగా చూస్తే దానికి వంక పెట్టలేం. అయితే ఆ ఛానల్ మోయగలిగేది సుమారు 15,000 క్యూసెక్కులు. 2024లో వచ్చిన వరద అందుకు రెట్టింపు దాటింది. అంతకంటే ముఖ్యమైన చిక్కు వేరే ఉంది. ఛానల్‌లోని నీరు కృష్ణలోకి దిగాలంటే కృష్ణ మట్టం దానికంటే తక్కువగా ఉండాలి. బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు నడుస్తున్నప్పుడు నది అంచుల దాకా నిండి ఉంటుంది. ఛానల్ నీరు కలవడం మానేసి వెనక్కి ఎగదన్నుతుంది, గట్ల మీద ఒత్తిడి గంట గంటకూ పెరుగుతుంది. ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఇనుప తీగల బుట్టల్లో రాళ్లు నింపి చివరి గండి పూడ్చడానికి సైన్యం సాయం కూడా తీసుకోవలసి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఆ రెండు వరదలూ ఒకేసారి రావడం. మైలవరం కొండల మీదా, మున్నేరు పరీవాహకం మీదా ఒకే వాయుగుండం కురుస్తుంది కనుక అవి ఒకేసారి రావడం అరుదైన యోగం కాదు, ఉండవలసిన తీరే అది. డైవర్షన్ ఛానల్ అవసరం అత్యధికంగా ఉండే రోజే అది పనిచేయలేని రోజు కూడా అవుతుంది. ఛానల్ సామర్థ్యం పెంచాలన్న ప్రతిపాదనలకు అర్థం ఉంది. కాని వెడల్పు పెంచినంత మాత్రాన కృష్ణ మట్టం తగ్గదు. పాత దారి బాగుపడకుండా కొత్త దారిని వెడల్పు చేయడం సగం పనే అవుతుంది. ఆ పాత దారి సంగతి నగరం ఎదిగిన తీరులోనే ఉంది. వెలగలేరు దిగువన వాగు చాలా ఏళ్లు సన్నగా పారడం వల్ల, ఒకప్పుడు అది పొర్లిన పల్లం ఖాళీ స్థలంగా కనిపించింది, ప్లాట్లయింది, కాలనీలయింది. అక్కడ ఇల్లు కట్టుకున్నవారిలో ఎక్కువమంది మెరక మీద స్థలం కొనే స్తోమత లేనివారే. ఆక్రమణ అన్న ఒక్క మాటతో అందరినీ ఒకే గాటన కట్టేసే ధోరణి పత్రికల్లో కనిపిస్తుంది. లేఅవుట్‌కు అనుమతి, కరెంటు మీటరు, మునిసిపల్ పన్ను రసీదు ఉన్న ఇంటిని ఆక్రమణ అనడం కొంత కష్టమే.

నగరం దాటిన బుడమేరు ఎనికేపాడు దగ్గర సాగునీటి కాలువ కింది సొరంగం గుండా, యూటీ (అండర్ టన్నెల్) అని స్థానికంగా పిలిచే కట్టడం గుండా, దిగువకు పోతుంది. పైన సాగునీరు, కింద వరద నీరు నడిచే ఇలాంటి కట్టడాల కంత ఎంతుందో అంతే వరద దిగువకు పోతుంది. ఎగువన ఎంత తవ్వినా, మధ్యలో ఒక్క ఇరుకు ఉంటే మొత్తం దారి ఆ ఇరుకంతే.

అక్కడి నుంచి నీరు చేరే చోటు కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరుతో పాటు తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా లెక్కలేనన్ని డ్రెయిన్లు (పొలాల మురుగు కాలువలు) వచ్చి పడతాయి. అన్నీ కలిసి పోటెత్తితే లక్ష క్యూసెక్కులకు పైగా రావచ్చన్నది పాత అంచనా. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. వచ్చే వరదలో అది మోయగలిగేది చిన్న భాగమే. మిగతా నీటిని కొల్లేరు తన ఒళ్లో పెట్టుకుని నిదానంగా వదలాలి. సరస్సు మునుపటిలా పరుచుకోగలిగినంత కాలం ఆ పని జరిగింది. చేపల చెరువుల గట్లు లేచాక పరుచుకునే చోటు తగ్గింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరిట ఐదో కాంటూరు (సరస్సు ఎత్తు హద్దు గీత) లోపలి చెరువులను పెద్ద ఎత్తున కొట్టేసినా, గట్ల సమస్య అంతటితో తీరలేదు. చెరువు గట్టు తెగిపోకుండా రైతు దాన్ని ఎత్తు చేసుకుంటాడు, పక్కవాడు ఇంకో అడుగు పెంచుతాడు. ఒక్కో గట్టు ఆ చెరువును కాపాడుతుంది, అన్ని గట్లూ కలిసి పక్క ఊరి పొలంలో నీటిమట్టాన్ని పెంచుతాయి.

ఉప్పుటేరు కష్టం మరీ సున్నితమైనది. కొల్లేరు ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు, అరవై అంగుళాలు. ఉప్పుటేరు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. సరస్సు ఐదో కాంటూరు దాకా నిండి ఉన్నప్పుడు నీటిని సముద్రం వైపు నడిపించే వాలు కిలోమీటరుకు ఒక అంగుళం. ఇంత స్వల్పమైన వాలు మీద నీరు నడవాలంటే అడుగున పూడిక ఉండకూడదు, పైన గుర్రపుడెక్క ఉండకూడదు, వంతెన కానాలకు (నీరు పోయే ఖాళీలకు) తూడు అడ్డం పడకూడదు. ఆ మూడూ ఏటా ఉంటూనే ఉన్నాయి. దానికి తోడు సముద్రం కూడా ఒక్క మట్టంలో ఉండదు. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా మీటరుకు పైగా ఉంటుంది. ఐదు అడుగుల వాలులో పోటు సమయానికి గణనీయమైన భాగం హరించుకుపోతుంది, సముద్రంలో కలిసే మొగ దగ్గర నీరు నిలబడిపోయి ఒక్కొక్కప్పుడు ఎదురు నడుస్తుంది. రోజుకు రెండు పోట్లు. కాబట్టి ఉప్పుటేరు సామర్థ్యం కాగితం మీద ఎంత ఉన్నా, అది మనసారా పనిచేసేది ఆటు గంటల్లోనే. తుపాను సమయంలో తూర్పు నుంచి వీచే గాలి సముద్రాన్ని ఒడ్డుకు తోసిపట్టి ఉంచితే, ఆటులో కూడా నీరు సరిగా దిగదు. వాన ఎక్కువగా కురిసే రోజునే సముద్రం తలుపు మూసుకోవడం ఈ తీరంలో మామూలు.

ఈ లెక్క తెలిసిన చోట జనం వాన అంకె అడగరు. కైకలూరు, ఏలూరు మధ్య ఊళ్లలో వరద రోజుల్లో వినిపించే ప్రశ్న ‘పెదఎడ్లగాడి దగ్గర మట్టం ఎంత’ అన్నదే. సరస్సు మీది ఆ వంతెన వద్ద నీరు పెరుగుతోందంటే లంక గ్రామాల దారులు మునిగే వేళ దగ్గర పడిందని అర్థం. అక్కడ మట్టం పెరగడానికి ఆ రోజు అక్కడ వాన పడనవసరం లేదు. ఎగువన మూడు రోజుల కింద పడినది అప్పుడు వచ్చి చేరుతూ ఉంటుంది.

కొల్లేరు విషయంలో కనిపించేది డెల్టా అంతటా చిన్న కొలతలో జరుగుతూ ఉంటుంది. సాగునీటి కాలువలను మెరక మీద, డ్రెయిన్లను పల్లంలో తీస్తారు. కాలువ పొలానికి నీరు ఇస్తుంది, డ్రెయిన్ పొలం నుంచి నీరు తీస్తుంది. డెల్టాను డెల్టాగా నిలబెట్టేది ఈ రెండో పనే అయినా, దృష్టి అంతా మొదటి దాని మీదే. కాటన్ ఆనకట్ట గురించి చదవని తెలుగు విద్యార్థి ఉండడు, మురుగు కాలువల గురించి పాఠం చదివినవాడు దొరకడు. నీరివ్వడంతో పని తీరలేదని, తీయడం కూడా పెద్ద పనేనని 1960ల నాటికి తేటతెల్లమైంది. డెల్టా మురుగు నీటి సమస్య మీద మిత్రా కమిటీ చేసిన అధ్యయనం, 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల డ్రెయినేజీ సెస్ చట్టం ఆ అవగాహన నుంచి వచ్చినవే. రైతుల నుంచి సెస్ వసూలు చేసి మరీ డ్రెయిన్లు తవ్వించారు. తవ్విన డ్రెయిన్ రెండేళ్లు వదిలేస్తే పూడుతుంది, తూడు, కిక్కిస పట్టేస్తాయి, కాబట్టి అది ఒకసారి చేసి ముగించే పని కాదు. టెండర్లు పిలిచేసరికి జూన్ దాటడం, పనులు మొదలయ్యేసరికి కాలువలకు నీరు వదలడం, పైన తేలే గుర్రపుడెక్కను మాత్రం తీసి బిల్లు పెట్టుకోవడం ఏటేటా వినే ఫిర్యాదు. డ్రెయిన్ గట్టు మీద తీసి పడేసిన పూడిక తొలి వానకు మళ్లీ డ్రెయిన్‌లోకే జారడం అందులో ఒక భాగం. ఈ వ్యాసంలో చెప్పిన పెద్ద ప్రాజెక్టులన్నిటి కంటే, ఏప్రిల్, మే నెలల్లో సక్రమంగా జరిగే పూడికతీతకు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. దానికి శిలాఫలకం ఉండదు కనుక ప్రాధాన్యం కూడా ఉండదు.

ముంపు నష్టాన్ని నిర్ణయించేది నీటి లోతొక్కటే కాదు, రోజులు కూడా. నాటిన కొత్తలో లేత నారు నిండా మునిగి నాలుగైదు రోజులు ఉంటే కుళ్లడం మొదలవుతుంది. ముంపును తట్టుకునే సబ్-1 జన్యువు చేర్చిన స్వర్ణ రకం వంటివి రెండు వారాల దాకా తట్టుకోగలవు, అదీ నిలదొక్కుకున్న పైరైతేనే. పొట్ట దశలోనూ, పూత మీదా ముంపు వస్తే పైరు బతికినా గింజ పట్టదు. నవంబరు, డిసెంబరుల్లో కోసి పనల మీద ఉన్న వరికి ఆరు అంగుళాల నీరు చాలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కృష్ణా డెల్టాలో జరిగింది అదే. పనలు నీట తేలాయి, ఓదెలు లేవనెత్తితే కింద మొలకలు కనిపించాయి, ఆరబెట్టాక రంగు మారిన ధాన్యానికి తేమ శాతం దగ్గరా ధర దగ్గరా పేచీ వచ్చింది. రెండు రోజుల్లో దిగే డ్రెయిన్ కింద ఉన్న పొలానికీ, ఆరు రోజులు పట్టే డ్రెయిన్ కింద ఉన్న పొలానికీ ఒకే వానకు వచ్చే నష్టం ఒకటి కాదు. నష్టపరిహారం లెక్కలేమో మండలాన్ని, వాన అంకెను, పంట నష్ట శాతాన్ని చూస్తాయి. ఆ పొలం నీరు ఏ డ్రెయిన్‌లోకి పోవాలో, ఆ డ్రెయిన్ ఎందుకు పారలేదో ఆ పత్రాల్లో ఎక్కడా నమోదు కాదు.

డెల్టా బయట ఉన్న కోస్తాకు ఇదే సూత్రాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. శ్రీకాకుళంలో వంశధార, నాగావళి, బాహుదా ఒడిశా కొండల నుంచి దిగివచ్చే నదులు, తూర్పు కనుమలకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ. నీరు త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది, అక్కడ కరువయ్యేది హెచ్చరికకు పట్టే సమయం. ఒడిశాలో కురిసిన వాన వివరం వంశధార మీది గొట్టా బ్యారేజీకి ఎన్ని గంటల ముందు చేరుతుందన్నదే అక్కడ ప్రాణం నిలిపే సమాచారం. విశాఖలో కొండ వాలు మీది నీరు గెడ్డల్లోకి (వాగుల్లోకి), గెడ్డల నుంచి సముద్రంలోకి పోతుంది, గెడ్డ మీద స్లాబు వేసి కట్టినది ఏదైనా మొదటి పెద్ద వానకు బయటపడుతుంది. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల కాలం గడ్డుది. 2021 నవంబరు 19న ఎగువన కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది, అదే వారంలో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద మట్టి కోసేసింది. తీరానికి దూరంగా ఉన్న మెట్ట సీమలో తెగిన కట్ట ప్రభావం తీరం దాకా వస్తుందనడానికి ఇంతకంటే రుజువు అవసరం లేదు.

తుపాను మరణాల విషయంలో రాష్ట్రం సాధించినది తక్కువ కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆ తరవాత రాడార్లు, తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపు ఒక పద్ధతిగా స్థిరపడ్డాయి, తరవాతి తుపాన్లలో ఆ స్థాయి ప్రాణనష్టం జరగలేదు. గాలికీ ఉప్పెనకూ ఎదురుగా నిలబడడం నేర్చుకున్న యంత్రాంగం, నిలబడిపోయే నీటి విషయంలో మాత్రం ఇంకా పడవలు, పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాల దశలోనే ఉంది. ఇందులో యంత్రాంగం అలసత్వం ఒక్కటే కారణం కాదు. తుపాను ఎవరికైనా కనిపించే శత్రువు. ముంపుకు కారణమైన ఇరుకు వంతెన, పూడిన డ్రెయిన్, చెరువు గట్టు ఒక్కొక్కదాని వెనక ఒక్కో శాఖ, ఒక్కో యజమాని, ఒక్కో ఓటు ఉన్నాయి. జలవనరుల శాఖ డ్రెయిన్ తవ్వితే రోడ్ల శాఖ వంతెన కానా పాత కొలతలోనే ఉంటుంది, రైల్వే కట్ట కింది తూము మరో సంస్థ చేతిలో ఉంటుంది, ఊరి మురుగు పంచాయతీ చేతిలో ఉంటుంది.

పైగా నేల కూడా స్థిరంగా లేదు. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తున్నాయి కాబట్టి డెల్టా మునుపటిలా పెరగడం లేదు. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ తీరం కోతకు గురవుతూ ఇళ్లూ రోడ్డూ సముద్రంలో కలవడం కళ్లెదుట జరుగుతోంది. సముద్ర మట్టం కొద్ది అంగుళాలు పెరిగితే ఏమవుతుందన్న ప్రశ్నను చాలామంది రాబోయే తరాల సమస్యగా చూస్తారు. కిలోమీటరుకు అంగుళం వాలు మీద బతికే ఉప్పుటేరుకు మాత్రం కొద్ది అంగుళాలు చాలా పెద్ద సంగతి.

కాబట్టి హెచ్చరికలో ఉండవలసిన అంకెలు మారాలి. భద్రాచలం మట్టాన్ని చూసి కోనసీమ ఎలా సిద్ధమవుతుందో, వెలగలేరు మట్టాన్ని చూసి సింగ్‌నగర్, పెదఎడ్లగాడి మట్టాన్ని చూసి కొల్లేరు లంకలు, తమ మేజర్ డ్రెయిన్ మొగలోని మట్టాన్ని చూసి తీర గ్రామాలు అలా సిద్ధమయ్యే వీలుండాలి. అందుకు వాన అంచనా, ఎగువ నది మట్టం, డ్రెయిన్ మట్టం, ఆ రోజు పోటు వేళలు నాలుగూ ఒక్క చోట కనిపించాలి. పోటు వేళలు ఏడాది ముందే లెక్కగట్టి ప్రచురించేవే, వాటి కోసం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఏ మట్టం వద్ద ఎత్తుతారో, ఎత్తడానికి ఎన్ని గంటల ముందు ఏయే వార్డులకు చెబుతారో వేసవిలోనే రాసి, ఆ వార్డు సచివాలయాల గోడల మీద అంటించవచ్చు. గేటు ఎత్తాలా వద్దా అన్నది అర్ధరాత్రి వరద మీద ఉన్న ఇంజినీరు ఒక్కడి నెత్తిన పెట్టడం అతనికీ, దిగువన నిద్రపోతున్నవారికీ న్యాయం కాదు.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన కూడా ఈ కోణంలోనే చూడవలసినది. ఆ ఏరు మొగ ఎంత వెడల్పైతే వరద అంత తేలిగ్గా దిగుతుంది, ఎండాకాలంలో ఉప్పునీరు కూడా అంత తేలిగ్గా కొల్లేరులోకి ఎక్కుతుంది. రెగ్యులేటర్ ఉంటే వేసవిలో ఉప్పును ఆపి సరస్సులో మంచినీటిని నిలపవచ్చు. అదే కట్టడం కానాలు చాలకపోతే, లేదా గేట్లు తుప్పు పట్టి ఎత్తవలసిన రోజున లేవకపోతే, వరద కాలంలో మరో ఇరుకవుతుంది. చేపల రైతుకు సరస్సు నిండుగా ఉండాలి, ఎగువ వరి రైతుకు అక్టోబరు నాటికి అది దిగి ఉండాలి, మొగ దగ్గరి మత్స్యకారులకు పడవ తిరిగే దారి తెరిచి ఉండాలి. ఏ నెలలో కొల్లేరు మట్టం ఎంత ఉండాలి, పోటు వేళ గేట్లు దించి ఆటు వేళ ఎత్తే పని రోజుకు రెండుసార్లు ఎవరు చేస్తారు, వారి జీతం ఏ పద్దు నుంచి వస్తుంది అన్నవి అంచనా వ్యయంతో పాటే అదే దస్త్రంలో రాసుకోవలసిన విషయాలు.